మీకు తెలుసా? వీధి మున్సిపాలిటీది, కేబుల్ మీద మాట మాత్రం దానిది కాదు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... ఏ ఊరి బజారులో తలెత్తి చూసినా కరెంటు స్తంభాల మధ్య నల్లటి కేబుల్ తీగలు కట్టలు కట్టలుగా వేలాడుతుంటాయి. రోడ్డు మున్సిపాలిటీది. స్తంభం విద్యుత్ సంస్థది. తీగ లోకల్ ఆపరేటర్‌ది. అందులో వచ్చే సిగ్నల్ ఎక్కడో ఉన్న ఎమ్మెస్వోది, అంటే ఛానళ్లన్నీ ఒకచోట చేర్చి లోకల్ ఆపరేటర్లకు పంపే సంస్థది. నెలనెలా డిష్ బిల్లు కట్టేది మనం. మరి ఈ ఊళ్లో కేబుల్ ఎవరు నడపాలి, ఏ షరతుల మీద నడపాలి, దానివల్ల ఊరికి ఏమి దక్కాలి అని అడిగే అధికారం ఎవరిది?

అమెరికాలో ఈ ప్రశ్న మీద నగరాలు తమ రాష్ట్రాలతో తలపడ్డాయి, కోర్టుల దాకా వెళ్లాయి. మన దగ్గర అలాంటి గొడవ ఎప్పుడూ రాలేదు. గొడవపడటానికైనా ఒక హక్కంటూ చేతిలో ఉండాలి కదా! మన మున్సిపాలిటీలకు, పంచాయతీలకు ఆ హక్కు మొదటినుంచీ లేదు. ఇది చిన్న విషయం కాదని నా నమ్మకం. అందుకే ఈ తీగ వెనకున్న సంగతులు కొన్ని ఇక్కడ చెబుతున్నాను.

కేబుల్ నడపాలంటే పోస్టాఫీసుకు వెళ్లాల్సి వచ్చేదని తెలుసా?

1991లో గల్ఫ్ యుద్ధాన్ని జనం డిష్‌ల ద్వారా చూసే నాటికి మన దేశంలో కేబుల్‌కు చట్టమే లేదు. వీసీఆర్ పెట్టి వీధికి సినిమాలు వేసిన కుర్రాళ్లే మిద్దె మీద డిష్ నిలబెట్టి ఆపరేటర్లయ్యారు. 1994 సెప్టెంబరు 29న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. 1995 మార్చిలో దాని స్థానంలో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ రెగ్యులేషన్ చట్టం వచ్చింది. తెలుగులో ఈటీవీ, జెమిని లాంటి ప్రైవేటు ఛానళ్లు మొదలైంది కూడా 1995లోనే.

ఆ చట్టం ప్రకారం ప్రతి ఆపరేటరూ పేరు నమోదు చేయించుకోవాలి. నమోదు చేసే అధికారి ఎవరనుకున్నారు? ఆ ప్రాంతపు హెడ్ పోస్టుమాస్టర్. ఫారం నింపి, ఫీజు కట్టి, ఏడాదికోసారి రెన్యువల్ చేయించుకుంటే సరిపోయేది. ఇల్లు కట్టుకోవాలంటే మున్సిపాలిటీ అనుమతి కావాలి, కిరాణా కొట్టు పెట్టుకోవాలంటే మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు కావాలి. ఊరు ఊరంతా తీగ లాగే వ్యాపారానికి మాత్రం ఉత్తరాలు బట్వాడా చేసే శాఖ దగ్గరికి వెళ్లాల్సి వచ్చేది!

2025 జనవరిలో నిబంధనలు మారాయి. ఇప్పుడు పోస్టాఫీసు పాత్ర కూడా పోయింది. లోకల్ ఆపరేటర్ ఆన్‌లైన్‌లో నేరుగా కేంద్ర సమాచార, ప్రసార శాఖకే దరఖాస్తు చేసుకోవాలి. ఫీజు 5,000 రూపాయలు, గడువు 5 ఏళ్లు. ఆ నమోదుతో దేశంలో ఎక్కడైనా కేబుల్ నడపొచ్చు. ఆపరేటర్‌కు ఇది సుఖమే, ఏటా తిరగాల్సిన పని తప్పింది. అయితే ఇన్నాళ్లూ కనీసం ఆ ప్రాంతపు పోస్టాఫీసులోనైనా ఒక కాగితం ఉండేది. ఇప్పుడు ఆ కాగితం కూడా ఢిల్లీ కంప్యూటర్‌లోకి చేరింది. అప్పుడూ ఇప్పుడూ ఆ ఫారంలో మున్సిపల్ కౌన్సిల్‌తో పని లేదు.

ఇందులో రాష్ట్రానికే పెద్దగా చోటు లేదని తెలుసా?

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో కేంద్ర జాబితా 31వ అంశం చూడండి. తపాలా, తంతి, టెలిఫోన్, వైర్‌లెస్, ప్రసారాలు అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. కేబుల్ అక్కడికే చేరింది. రాష్ట్ర జాబితాలో 5వ అంశం స్థానిక ప్రభుత్వం. అంటే మున్సిపాలిటీ ఎలా ఉండాలో రాష్ట్రం చెబుతుంది, తీగలో ఏం పారాలో కేంద్రం చెబుతుంది. 73, 74 రాజ్యాంగ సవరణలు పంచాయతీలకు 29 అంశాలు, మున్సిపాలిటీలకు 18 అంశాలు అప్పగించవచ్చన్నాయి. వీధి దీపాలు, శ్మశానాలు, పార్కులు, సాంస్కృతిక వికాసం అన్నీ ఉన్నాయి. కేబుల్ లేదు.

నిజాం కాలంలో గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ కేంద్రంగా ఉన్న జటప్రోలు మూడూ సంస్థానాలే. పైకి పేష్కష్ అనే కప్పం కట్టి, లోపలి వ్యవహారం తామే చూసుకునేవి. ఆ రోజులు మళ్లీ రావాలని ఎవరూ అనరు, రాజుల చేతిలోని అధికారం ప్రజలది కాదు. కానీ ప్రజలు ఓటేసి ఎన్నుకున్న కౌన్సిల్‌కు తన వీధిలోని తీగ గురించి మాట్లాడే వీలైనా ఉండొద్దా?

హైదరాబాద్ నగరం కంటే ముందే పాలమూరు పల్లెలు టీవీ చూశాయని తెలుసా?

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు దేశంలో సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం జరిగింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మనకు ఏడాదిపాటు వాడుకోనిచ్చింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు ఆకాశం నుంచి నేరుగా టీవీ వచ్చింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో మహబూబ్‌నగర్, అంటే మన పాలమూరు, ఒకటి. నేటి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11 దాకా ఆ జిల్లాలోవే. పక్కనే కర్ణాటకలో రాయచూరు కూడా ఆ జాబితాలో ఉంది.

బడి దగ్గరో పంచాయతీ ఇంటి దగ్గరో కోళ్ల గూటికి వాడే జాలీ లాంటి వలతో చేసిన పెద్ద డిష్ నిలబెట్టారు. దాని కింద ఊరందరికీ ఒకే టీవీ. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీతో నడిపారు. పొద్దున గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. వ్యవసాయం, ఆరోగ్యం, పాటలు, ఆటలు. హిందీ, ఒడియా, తెలుగు, కన్నడం నాలుగు భాషల్లో కార్యక్రమాలు తయారయ్యేవి. అందుకోసం ఢిల్లీ, కటక్‌లతో పాటు హైదరాబాద్‌లోనూ నిర్మాణ కేంద్రం పెట్టారు. హైదరాబాద్ దూరదర్శన్ ప్రసారాలు మొదలయ్యేసరికి 1977 వచ్చింది.

అంటే ఈ నేలకు టీవీ వచ్చిన తొలిరోజున అది ఊరందరి ఆస్తి. ఎవరి ఇంట్లోనూ లేదు, అందరూ ఒకచోట కూర్చుని చూశారు. అయితే ఏమి చూడాలో నిర్ణయించింది మాత్రం ఊరు కాదు. గడువు తీరగానే ఉపగ్రహం వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు టీవీ మళ్లీ ఈ పల్లెల్లోకి తీగ రూపంలో వచ్చింది, ఇంటింటికీ వేర్వేరుగా. ఈసారి కూడా ఊరిని అడిగినవాళ్లు లేరు.

ఛానళ్ల మీద కన్నేసే జిల్లా కమిటీలో కౌన్సిలర్ లేడని తెలుసా?

కేబుల్‌లో అభ్యంతరకరమైనది వస్తే ఎవరికి చెప్పాలి? ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన ఒక పర్యవేక్షణ కమిటీ ఉండాలని కేంద్రం 2008 ఫిబ్రవరిలో ఆదేశించింది. అందులో ఎస్పీ, జిల్లా పౌరసంబంధాల అధికారి, ఒక మహిళా కళాశాల ప్రిన్సిపాల్, పిల్లల కోసం, మహిళల కోసం పనిచేసే సంస్థల ప్రతినిధులు, విద్యావేత్త, మనస్తత్వ శాస్త్రవేత్త, సామాజిక శాస్త్రవేత్త ఉంటారు. ఆలోచించి వేసిన జాబితానే. కాని ఓటేసి గెలిచినవాళ్లు ఒక్కరూ లేరు. మున్సిపల్ చైర్‌పర్సన్ లేరు, సర్పంచ్ లేరు, జడ్పీటీసీ లేరు.

చట్టంలో అధీకృత అధికారి అంటే కలెక్టర్, ఆర్డీవో, పోలీసు కమిషనర్ స్థాయివాళ్లు. జిల్లాలో పరికరాలు స్వాధీనం చేసుకునే అధికారం, ప్రసారం ఆపించే అధికారం వాళ్లకే. అయిజ, పెబ్బేరు, కల్వకుర్తి లాంటి చిన్న పట్టణాల కౌన్సిల్ ఒక తీర్మానం చేసి పైకి పంపడం తప్ప ఏమీ చేయలేదు.

పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ సొంతంగా కేబుల్ నడపకూడదని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ రెండుసార్లు చెప్పిందని తెలుసా?

2008లో ఒకసారి, 2012 డిసెంబరులో మరోసారి. రాజకీయ పార్టీలు, మత సంస్థలతో పాటు రాష్ట్ర ప్రభుత్వాలు, పట్టణ స్థానిక సంస్థలు, పంచాయతీరాజ్ సంస్థలు కూడా ప్రసార వ్యాపారంలోకి, పంపిణీలోకి రావద్దని ట్రాయ్ సిఫారసు చేసింది. అధికారంలో ఉన్నవాళ్ల చేతిలోనే తీగ కూడా ఉంటే గిట్టని వార్త ఇంటికి చేరదన్న భయం దాని వెనక ఉంది. ఆ భయం ఒట్టిది కాదు. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ప్రజల ఆస్తి అంటే ప్రభుత్వ ఆస్తి అని అర్థం కాదు.

ఇంత చెప్పినా రాష్ట్రాలు ఊరుకోలేదు. తమిళనాడు ప్రభుత్వం 2007లో అరసు కేబుల్ సంస్థ పెట్టింది. 2011 సెప్టెంబరులో దాన్ని మళ్లీ నిలబెట్టి నెలకు 70 రూపాయలకే కనెక్షన్ ఇచ్చింది. అందులో 20 రూపాయలు సంస్థకు, 50 రూపాయలు ఆపరేటర్‌కు. హొసూరు, కృష్ణగిరి వైపు మన తెలుగు ఇళ్లకూ ఆ తీగే వెళ్లింది. డిజిటల్ లైసెన్సు కోసం 2012లో దరఖాస్తు పెడితే కేంద్రం ఇచ్చింది 2017 ఏప్రిల్‌లో. మధ్యలో ఐదేళ్లు ఉత్తరప్రత్యుత్తరాలే.

మన పొరుగున ఆంధ్రప్రదేశ్ మరో దారి పట్టింది. ఫైబర్‌నెట్ కంపెనీ పెట్టి, కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల ఫైబర్ లాగి, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రారంభించింది. 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఇస్తామన్నారు. అక్కడ ఊళ్లలో ఇంటింటికీ తీసుకెళ్లింది పాత కేబుల్ ఆపరేటర్లే. తుంగభద్ర దాటితే కర్నూలు. ఇవతల అలంపూర్‌లో ఒక పద్ధతి, అవతల ఒడ్డున ఇంకో పద్ధతి!

2022 అక్టోబరు 21న కేంద్రం గట్టిగా చెప్పింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ శాఖలేవీ ఇకపై నేరుగా ప్రసారం గానీ పంపిణీ గానీ చేయకూడదని, ఇప్పటికే చేస్తున్నవి 2023 డిసెంబరు 31 లోపు తప్పుకోవాలని, చేయాలనుకుంటే ప్రసార భారతి ద్వారానే చేయాలని సలహా పత్రం పంపింది. గమనించారా? కేంద్రం, రాష్ట్రం పోట్లాడుకుంటున్నాయి. ఊరు ఆ పోట్లాటలో లేనే లేదు.

2014లో తెలంగాణ అంతటా రెండు ఛానళ్లు మాయమయ్యాయి, గుర్తుందా?

జూన్ నెల, రాష్ట్రం వచ్చి రెండు వారాలు. తెలంగాణ ఎమ్మెల్యేల గురించి టీవీ9లో వచ్చిన ఒక కార్యక్రమం మీద దుమారం రేగింది. ఆ తర్వాత ఎమ్మెస్వోలు టీవీ9నూ ఏబీఎన్ ఆంధ్రజ్యోతినీ ఆపేశారు. నెలల తరబడి రాలేదు. ఇది ఎమ్మెస్వోల సొంత నిర్ణయమని ప్రభుత్వం చెప్పింది. పత్రికా స్వేచ్ఛ సంగతేమిటని జర్నలిస్టులు అడిగారు. ఎవరిది న్యాయమన్నది అలా ఉంచితే, పాలమూరు ఇంట్లో బిల్లు కట్టిన మనిషికి తన టీవీలో ఏమొస్తుందో చెప్పే దారి లేదన్నది ఆ నెలల్లో తేలిపోయింది. ఊరికి ఒకే తీగ, ఆ తీగకు ఒకే కొస, ఆ కొస హైదరాబాద్‌లో.

2016 తర్వాత వినోదపు పన్ను స్థానిక సంస్థలకే మిగిలిందని తెలుసా?

ఇది చాలామంది గమనించలేదు. జీఎస్టీ కోసం రాజ్యాంగానికి 101వ సవరణ చేశారు. 2016 సెప్టెంబరు 16న అది అమల్లోకి వచ్చింది. రాష్ట్ర జాబితాలో 62వ అంశాన్ని ఆ సవరణ తిరగరాసింది. అంతకుముందు విలాసాలు, వినోదాలు, పందేల మీద పన్ను రాష్ట్రానిది. ఇప్పుడు వినోదాల మీద పన్ను పంచాయతీ, మున్సిపాలిటీ, ప్రాంతీయ మండలి లేదా జిల్లా మండలి వేసి వసూలు చేసే మేరకే మిగిలింది. కేబుల్ మీద ఇప్పుడు మనం కట్టే 18 శాతం జీఎస్టీ కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. దాని పైన కేబుల్‌ను వినోదంగా లెక్కగట్టి పన్ను వేయగలిగేది ఎవరైనా ఉంటే అది మున్సిపాలిటీ, పంచాయతీ మాత్రమే.

వినోదపు పన్నులోకి కేబుల్ వస్తుందా అన్న అనుమానాన్ని సుప్రీంకోర్టు 2025 మే 22న తీర్చింది. కేరళ ప్రభుత్వానికీ ఏషియానెట్ కేబుల్ సంస్థకూ మధ్య నడిచిన కేసులో, జీఎస్టీకి ముందు కాలానికి సంబంధించి, సేవ మీద కేంద్రం పన్ను వేయొచ్చు, వినోదం మీద రాష్ట్రం పన్ను వేయొచ్చు, రెండూ చెల్లుతాయని చెప్పింది. కేబుల్, డీటీహెచ్ వినోదమేనన్నమాట.

అయితే ఒక మెలిక ఉంది. రాజ్యాంగం 243హెచ్, 243ఎక్స్ అధికరణాల ప్రకారం పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ పన్ను వేయాలంటే రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఆ అధికారం అప్పగించాలి. తమిళనాడు 2017లోనే స్థానిక సంస్థల వినోదపు పన్ను చట్టం చేసింది. జీఎస్టీ పైన 30 శాతం స్థానిక పన్ను అనేసరికి ఆ జులైలో అక్కడి సినిమా హాళ్లు మూతపడ్డాయి. తర్వాత రేటు తగ్గించారు. పేదవాడి డిష్ బిల్లు మీద మరో పన్ను వేయమని నేను అనను. కాని ఆ అధికారం చేతిలో ఉంటే మున్సిపాలిటీ ఆపరేటర్‌ను కూర్చోబెట్టి మాట్లాడగలదు. పన్ను వద్దు, బదులుగా వేలాడే తీగలు సర్దండి, బడులకు, ఆసుపత్రికి ఉచితంగా కనెక్షన్ ఇవ్వండి అని అడగగలదు. బేరమాడాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

అసలు పాలకవర్గమే లేకపోతే ఎవరు అడుగుతారన్న ప్రశ్నా ఉంది. తెలంగాణ గ్రామ పంచాయతీలు 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా ప్రత్యేకాధికారుల చేతిలో నడిచాయి. చాలా మున్సిపాలిటీల్లో కౌన్సిళ్ల గడువు 2025 జనవరిలో తీరిపోయింది.

నెల బిల్లు ఎవరు నిర్ణయించారో తెలుసా?

ట్రాయ్. 2019 ఫిబ్రవరి 1 నుంచి 100 ఛానళ్లకు నెలవారీ రుసుము గరిష్ఠంగా 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. పే ఛానళ్లు అదనం. ఆ 130లో విడిగా ఒప్పందం లేకపోతే ఎమ్మెస్వోకు 55 శాతం, ఇంటికొచ్చి తీగ సరిచేసే ఆపరేటర్‌కు 45 శాతం. 2024లో ఆ రుసుము మీద పరిమితి కూడా ఎత్తేశారు. అప్పటిదాకా నల్లమల అంచున అమ్రాబాద్‌లోనైనా బంజారాహిల్స్‌లోనైనా ఒకే పరిమితి ఉండేది. కూలి రేటు మాత్రం ఒకటి కాదు.

డిజిటల్ గడువును వాయిదా వేసింది మన హైకోర్టేనని తెలుసా?

సెటాప్ బాక్సు లేకుండా కేబుల్ రాకూడదన్న నిబంధన విడతలుగా వచ్చింది. హైదరాబాద్‌కు 2013 మార్చి 31. గద్వాల, వనపర్తి లాంటి పట్టణాలకు మూడో విడతలో 2015 డిసెంబరు 31. పల్లెలకు 2016 డిసెంబరు, తర్వాత 2017 మార్చి దాకా పొడిగించారు. మూడో విడత గడువు దగ్గరపడేసరికి చాలినన్ని బాక్సులు లేవని ఎమ్మెస్వోలు హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టుకు వెళ్లారు. కోర్టు రెండు నెలలు గడువు పెంచింది. కోర్టుకు వెళ్లింది వ్యాపారులు. బాక్సు కొనాల్సిన ఇళ్ల తరఫున ఏ కౌన్సిలూ వెళ్లినట్టు కనిపించదు.

స్తంభం మీద తీగ కట్టడానికి అనుమతి ఎవరిదో తెలుసా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లోనూ కరెంటు స్తంభాలు దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థవి. కిందున్న రోడ్డు మున్సిపాలిటీదో, ఆర్ అండ్ బీదో, పంచాయతీదో. పాత వీధిలో ఒక స్తంభం దగ్గర నిలబడి చూడండి. వాన తడవకుండా పాలిథిన్ కవరు చుట్టిన స్ప్లిట్టర్, తుప్పు పట్టిన ఇనుప డబ్బాలో యాంప్లిఫయర్, మిగిలిన తీగను చుట్ట చుట్టి కొక్కేనికి తగిలించిన కట్ట, దాని పక్కనే ఎప్పుడో వ్యాపారం మానేసిన ఆపరేటర్ వదిలేసిన తీగ. ఆ పాత తీగ ఎవరిదని అడిగితే ఎవరూ నాది అనరు.

2025 ఆగస్టు 17 రాత్రి హైదరాబాద్ రామంతపూర్‌లో శ్రీకృష్ణ శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి 5 మంది చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించడం మొదలుపెట్టింది. ఇళ్లలో ఇంటర్నెట్ ఆగిపోయింది. ఎయిర్‌టెల్ హైకోర్టుకు వెళ్లింది. అనుమతి తీసుకున్న తీగలు తప్ప మిగతావి ఉంచనక్కర్లేదన్నట్టుగా కోర్టు చెప్పింది. చనిపోయినవాళ్లు మాత్రం తిరిగి రారు. ఇలాంటి తీగలే గద్వాలలో, కొత్తకోటలో, అచ్చంపేటలో కూడా ఉన్నాయి. ఇక్కడా జాతరలకు, గణేశ్ నిమజ్జనానికి ఎత్తైన వాహనాలు వీధుల్లోకి వస్తాయి. మున్సిపాలిటీ అన్నిటికంటే ముందు పట్టించుకోవాల్సింది ఇదేనని నేను అనుకుంటాను.

చట్టం ఏమంటుంది? 2011లో కేబుల్ చట్టానికి 4బీ సెక్షన్ చేర్చారు. ప్రభుత్వ సంస్థల ఆధీనంలోని స్థలం మీదుగా, కింద నుంచి, పై నుంచి తీగ వేసుకునేందుకు ఆపరేటర్ అడగవచ్చు, సంస్థ తగిన షరతులు పెట్టి అనుమతించవచ్చు. టెలికం కంపెనీల విషయంలో పట్టు మరింత సడలింది. 2016 నిబంధనల ప్రకారం భూగర్భ ఫైబర్‌కు దరఖాస్తు ఫీజు కిలోమీటరుకు 1,000 రూపాయలు దాటకూడదని ఉండేది, 60 రోజుల్లో జవాబు చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్కయ్యేది. 2025 జనవరి 1 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. వాటిలోనూ గడువు దాటితే అనుమతి దానంతటదే వచ్చేస్తుంది. అయినా షరతులు పెట్టే హక్కు మున్సిపాలిటీకి కొంత ఉంది. తవ్విన రోడ్డు పూడ్చమనొచ్చు, పాత తీగ తీసేయమనొచ్చు. ఉన్న ఆ కాస్త హక్కునైనా గట్టిగా వాడుకోవాలి.

అమెరికాలో మన పిల్లలుండే ఊళ్లు ఇదే విషయం మీద రాష్ట్రాలతో కొట్లాడాయని తెలుసా?

పాలమూరు నుంచి వెళ్లినవాళ్లు ఎక్కువగా చేరే చోట్లు చూడండి: టెక్సాస్‌లో ఇర్వింగ్, ఫ్రిస్కో, న్యూజెర్సీలో ఎడిసన్, కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్. అక్కడ చాలాకాలం కేబుల్ కంపెనీ ఏ ఊరికి రావాలన్నా ఆ ఊరి కౌన్సిల్‌తో ఒప్పందం చేసుకోవాల్సిందే. 1984 నాటి జాతీయ చట్టం కేబుల్ ఆదాయంలో 5 శాతం దాకా ఊరు తీసుకోవచ్చంది. దాంతో పాటు ప్రజల కోసం, బడుల కోసం, పురపాలన కోసం కొన్ని ఛానళ్లు కేటాయించమని అడగవచ్చంది. కౌన్సిల్ సమావేశం ఇంట్లో టీవీలో చూసే అలవాటు అలా వచ్చింది. పేదల వాడలకు కూడా తీగ వేయాలని షరతు పెట్టిన ఊళ్లున్నాయి.

2005లో ఫోన్ కంపెనీలు టీవీ వ్యాపారంలోకి దిగాయి. డాలస్ దగ్గరి కెల్లర్ పట్టణంలో వెరైజన్ అనే ఫోన్ కంపెనీ ఆ సెప్టెంబరులో మొదటి ఫైబర్ టీవీ ఇచ్చింది. ప్రతి ఊరితో విడివిడిగా మాట్లాడటం ఆలస్యమని కంపెనీలు రాష్ట్రాల దగ్గరికి వెళ్లాయి. అదే ఏడాది టెక్సాస్ దేశంలో మొదటగా రాష్ట్రమంతటికీ ఒకే అనుమతి చట్టం చేసింది. 2006లో న్యూజెర్సీ, కాలిఫోర్నియా అదే దారి పట్టాయి. టెక్సాస్‌లోనూ కాలిఫోర్నియాలోనూ నగరాల సంఘాలు వ్యతిరేకించాయి. డబ్బు ఆగిపోతుందన్నది వాటి ప్రధాన బాధ కాదు, రుసుము అందుతూనే ఉంది. షరతు పెట్టే అధికారం పోయింది. లాభం రాని వాడకు తీగ వేయమని చెప్పే వీలు టెక్సాస్ చట్టంలో లేకుండా పోయింది. న్యూజెర్సీ కొంత నయం. జనసాంద్రత ఎక్కువున్న పట్టణాలకు గడువులోగా సేవ ఇవ్వాలని చట్టంలోనే రాసింది.

2019లో అక్కడి కేంద్ర స్థాయి నియంత్రణ సంస్థ ఇంకో మెట్టు ఎక్కింది. ఊరికి కంపెనీ ఉచితంగా ఇచ్చే సేవల విలువను కూడా ఆ 5 శాతంలోనే లెక్కగట్టాలంది. ఒరెగాన్‌లోని యూజీన్ నగరం ముందుండి కేసు వేసింది. 2021 మేలో అప్పీళ్ల కోర్టు సంస్థ వాదనను చాలావరకు ఒప్పుకుంది, కానీ ఆ సేవలను మార్కెట్ ధరకు కాకుండా కంపెనీకి అయిన ఖర్చు మేరకే లెక్కవేయాలని చెప్పింది. నగరాలు మొత్తం మీద ఓడిపోయాయి. ఓడినా, ఊరి హక్కు ఎంత, రాష్ట్రం హక్కు ఎంత అన్న ప్రశ్న అక్కడ బహిరంగంగా చర్చకు వచ్చింది.

పంచాయతీ ఇంట్లోనే ఫైబర్ డబ్బా ఉందని తెలుసా?

భారత్‌నెట్ ప్రతి గ్రామ పంచాయతీకీ ఫైబర్ చేర్చాలని 2011లో మొదలైన పథకం. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల కందకంలోనే ఫైబర్ కోసం గొట్టాలు వేశారు. ఒక్కసారి తవ్వకంతో రెండు పనులు, మెచ్చుకోదగ్గ ఆలోచన. దాని మీద నడిచే టీఫైబర్‌ను 2024 డిసెంబరులో కొన్ని గ్రామాల్లో ప్రయోగాత్మకంగా ఇళ్లకు ఇచ్చారు. ఒకటి మన పాత పాలమూరు జిల్లాలోని మద్దూరు. నెట్‌తో పాటు టీవీ కూడా ఆ తీగలోనే వస్తుంది. డబ్బా పంచాయతీ కార్యాలయంలో ఉంటుంది, నడిపించేది రాష్ట్ర సంస్థ. మద్దూరు అనుభవం కొల్లాపూర్, ఆత్మకూరు పల్లెలకు వచ్చేలోగా సర్పంచ్‌లు తమ వాటా గురించి అడగాలి: ఫిర్యాదు ఎవరికి చేయాలి, ఎన్ని రోజుల్లో సరిచేస్తారు, దూరపు తండాకు, చెంచు పెంటకు తీగ ఎప్పుడు వస్తుంది?

లోకల్ ఛానల్‌కు 1,000 రూపాయలే చాలని తెలుసా?

2022 నవంబరులో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఎమ్మెస్వో తన సొంత స్థానిక ఛానళ్లు నడుపుకోవచ్చు. ఒక్కో ఛానల్‌కు ఒకేసారి కట్టే నమోదు రుసుము 1,000 రూపాయలు. మొత్తం ఛానళ్లలో ఇవి 5 శాతం దాటకూడదు. అంటే ఊరి ఛానల్‌కు చట్టంలో చోటుంది. పెళ్లి ప్రకటనలు, సినిమా పాటలు వేసే ఆ ఛానల్‌లోనే జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తుతున్నారన్న హెచ్చరిక, మంచినీళ్లు రాని వార్డుల వివరాలు, ఆస్తిపన్ను గడువు, కౌన్సిల్ సమావేశంలో ఎవరు ఏం మాట్లాడారన్నది కూడా రావచ్చు. మున్సిపాలిటీ ఛానల్ నడపనక్కర్లేదు, నడపకూడదు కూడా. సమావేశ మందిరంలోకి ఆపరేటర్ కెమెరాను రానిస్తే సరిపోతుంది. అందుకు ఢిల్లీ అనుమతి అవసరం లేదు, కౌన్సిల్ ఒక తీర్మానం చేస్తే చాలు.